తెరకు ఇవతలి కుర్చీ

దబ్. దబ్. దబ్.

డాబా మీది బండకు తడిబట్ట తగులుతున్న చప్పుడు. దుప్పటి ముసుగు తీయకుండానే సాధన ఆ దెబ్బల్ని లెక్కపెట్టింది. అమ్మ ఏ చొక్కాకైనా ఆరు దెబ్బలే వేస్తుంది. ఈ పొద్దు పద్నాలుగు దాటినా ఆ చొక్కాకు విడుదల లేదు.

అది తండ్రి చొక్కా అని చూడకుండానే తెలిసిపోయింది.

"చినుగుతదే కిష్టమ్మా," అన్నాడు తండ్రి, నీళ్ళ ట్యాంకు పక్క నుంచి.

"చినగనీ. ఇంట్ల పరువు చినిగినంక అంగి ఉంటేంది, పోతేంది?"

"మాటిచ్చిన. దొంగతనం చెయ్యలే."

"ఎవల మాట ఇచ్చినవ్? నీదా? బిడ్డ నోట్లది నువ్వు తీసుకపోయి కిందోళ్ళ చేతుల పెట్టొచ్చినవ్. దాన్ని మాటిచ్చుడు అంటరా?"

దబ్.

"దొంగతనమే అంటరు," అంది కిష్టమ్మ.

సాధన కదల్లేదు. లేస్తే ఇద్దరిలో ఒకరి పక్కన నిలబడాలి. పడుకుంటే ఎవరి పక్కనా నిలబడనక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఇంటి యజమాని బాపిరాజు తండ్రిని కిందికి పిలిపించాడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, పావుగంట మాట్లాడాడు. పైకొచ్చిన తండ్రి చెప్పులు విడవకముందే సంగతి చెప్పేశాడు: రేపు నాలుగున్నరకు ముంబై నుంచి వచ్చే పిలుపును సాధన అందుకోదు. అందుకోదని ఆయన మాటిచ్చాడు.

అంతే. ఏమీ చేయనక్కర్లేదు. ఒక ఫోను మోగుతుంటే ఊరుకోవాలి.

ఎనిమిది నెలలుగా సాధన ఆ మోత కోసమే బతుకుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మామూలు డిగ్రీ కాలేజీ, బి.కామ్ చివరి ఏడు. ముంబైలోని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో వేసవి ఇంటర్న్‌షిప్ కావాలని రెండువందల పన్నెండు మెయిళ్ళు పంపింది. మూడు జవాబులు వచ్చాయి. ఒకరు, మీ కాలేజీ మా జాబితాలో లేదన్నారు. ఒకరు, వచ్చే ఏడు చూద్దామన్నారు. మూడో జవాబు 'ప్రియమైన రోహిత్' అని మొదలైంది. దానికీ ఆమె కృతజ్ఞతలు రాసింది.

రెండువందల పదమూడో మెయిలుకు, మీరు చేసిన పని ఏదైనా పంపండి అన్నారు. పంపింది. పండ్లరసాల కంపెనీ ఒకటి ఎంత విలువ చేస్తుందో మూడు వారాలు కూర్చుని లెక్కకట్టిన ఫైలు.

అదే ఫైలు, అదే బ్యాంకుకు, ఇంకొకరి పేరుతో కూడా చేరింది. బాపిరాజు కూతురు తన్మయి పేరుతో.

చేసింది సాధన. చేసిన లాప్‌టాప్ తన్మయిది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కింది ఇంట్లో భోజనాల బల్ల మీద కూర్చుని చేసుకునేది. ఫైలు ప్రాపర్టీస్‌లో 'తయారుచేసినవారు' అన్నచోట లాప్‌టాప్ యజమాని పేరే దానంతటదే పడింది. బ్యాంకువాళ్ళు చూస్తే దొంగ సాధనే.

అందుకే ఇద్దరినీ పిలిచారు. తన్మయికి నాలుగు గంటలు, సాధనకు నాలుగున్నర. ఫైలు తనదేనని రుజువు చేసుకున్నవారికి అదే ఇంటర్వ్యూ, అదే ప్రవేశం. రానివారు దాన్ని కాపీ కొట్టినట్టు లెక్క.

"నలభై ఇండ్లు తిరిగినం," అంటున్నాడు తండ్రి బయట. "నీకు యాదికి లేదా? సైదాబాద్‌ల తిరిగినం, కొత్తపేటల తిరిగినం. గది చూపెడతరు, మంచిగనే మాట్లాడ్తరు. ఆదివారం యాడికి పోతరు అని అడుగుతరు. గుడికా, చర్చికా అని. చర్చి అనంగనే, మా చుట్టాలొస్తున్నరు గది ఖాళీ లేదు అంటరు. గీ సారు ఒక్కటే అడిగిండు. నీళ్ళు జాగ్రత్తగ వాడతరా అని."

"ఇచ్చిండు. కిరాయి తీసుకోలేదా? ఉత్తగిచ్చిండా?"

"ఉత్తగ ఇయ్యలే. కిరాయి ఇస్తమన్నా ఇంకెవరిచ్చిండ్రే?"

దెబ్బ పడలేదు.

తడిబట్ట బండ మీద ఉండిపోయింది. ట్యాంకు పైపు నుంచి బొట్టు బొట్టుగా కారుతున్న నీరు మాత్రం వినిపించింది. అంతవరకు ఆ బాదుడు ఆగితే బాగుండుననుకున్న సాధన, ఇప్పుడది మళ్ళీ మొదలైతే బాగుండుననుకుంది.

ముసుగు తీసి బయటికి వచ్చింది.

తండ్రి ఆమెవైపు చూడలేదు. పండ్ల మార్కెట్టులో హమాలీ ఆయన. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నప్పుడు నడిచిపోయేవాడు. అది ఊరి బయటికి తరలిపోయాక వేకువనే ఎల్‌బీ నగర్ చౌరస్తా చేరి కూలీల బండి ఎక్కుతున్నాడు. జ్వరంలోనూ పోయే మనిషి, ఈ పొద్దు పోలేదు.

"నన్ను అడగలేదేం నాయినా?"

"అడిగితే వద్దంటవ్."

"అందుకే అడగలేదా?"

"అందుకే."

కిష్టమ్మ నవ్వింది. నవ్వు కాదది. "సూడు, ఎంత సక్కగ చెప్తున్నడో."

"బిడ్డా," అన్నాడు తండ్రి. "నువ్వు ఫోనెత్తితే నేను ఆపను. ఫోను నీది, చెయ్యి నీది. కానీ రేపు నేను ఆ మెట్లు దిగేటప్పుడు ఆయన ఎదురొస్తడు. అప్పుడు నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? అది ఒక్కటి చెప్పు. చెప్పి ఎత్తు."

ఎనిమిది నెలల్లో సాధన ఎన్నో ప్రశ్నలకు జవాబులు తయారు చేసుకుంది. ఇది వాటిలో లేదు.

పదింటికి కిష్టమ్మ వంటపనికి బయలుదేరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్. కోచింగులకు వచ్చిన నూటపది మంది పిల్లలకు ఆమె చేతి అన్నం. గడప దాటుతూ ఆగింది.

"ఎవల పిల్లలో, నా చేతి కూడు తిని ఉద్యోగాలకు పోతున్నరు. నా కడుపున పుట్టింది మాత్రం ఫోను దిక్కు చూసుకుంట కూసోవాలె." కొంగు బిగించుకుంది. "సాయంత్రం నేనొచ్చేసరికి ఎత్తినవో లేదో నాకు చెప్పకు. నీ మొఖం చూస్తే నాకే తెలుస్తది."

*

పదకొండున్నరకు బాపిరాజు మెట్లెక్కి వచ్చాడు.

మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆయన పైకి రావడం మానేశాడు. ఏ పనున్నా కింద నుంచే కేకేసేవాడు. కోచింగు సెంటరులో ఇరవై మూడేళ్ళుగా అకౌంట్స్ చెప్పిన గొంతు. మూడు వీధులకు వినబడుతుంది. ఈ రోజు కేక వేయలేదు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, గోడ పట్టుకుని, వచ్చాడు.

తండ్రి గబుక్కున లేచి ప్లాస్టిక్ కుర్చీ తుడిచాడు. "మీరెందుకు సార్, పిలిస్తే నేనే రాకపోదునా?"

"కూర్చోవయ్యా, కూర్చో. నిన్ను పిలిచి చెప్పడం బాగానే ఉంది. అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలనిపించింది." ఊపిరి తీసుకున్నాడు. "ఏమ్మా, టిఫిన్ చేశావా?"

"చేశానంకుల్."

చేయలేదు. ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టే ఉంది. మళ్ళీ అడగలేదు.

తీగ మీద ఆరేసిన తండ్రి చొక్కా నుంచి నీళ్ళు ఓడుతున్నాయి.

"అంకుల్, ఒకటడగనా?"

"అడగమ్మా."

"ఆ ఫైలు ఎవరు చేశారో మీకు తెలుసా?"

"సాధనా!" అన్నాడు తండ్రి.

"అడగనీవయ్యా." బాపిరాజు కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. "తెలుసమ్మా. రోజూ నేను అన్నం తింటూంటే ఎదురుగా కూర్చుని చేసేదానివి. ఒకరోజు తరుగుదల లెక్క తప్పితే నేనే చెప్పాను కూడాను."

"మరి?"

"తెలిసే అడుగుతున్నాను. తెలియక అడిగుంటే ఇంత బరువుండేది కాదు."

ఆయన అబద్ధమాడితే బాగుండునని సాధనకు అనిపించింది. అబద్ధమాడితే కోప్పడవచ్చు.

"వంశీకృష్ణ అని, నా దగ్గర చదువుకున్న కుర్రాడు. ఇప్పుడు ఆ బ్యాంకులోనే చేస్తున్నాడు. ఇన్నేళ్ళ పాఠంలో నేను ఏ శిష్యుణ్ణీ సాయం అడగలేదమ్మా. మొదటిసారి అడిగాను. మా గురువుగారి అమ్మాయి అని చెప్పి వాడు తన పైవాళ్ళ దగ్గర పూచీ పడ్డాడు. ఇప్పుడది కాపీ అని తేలితే మా అమ్మాయి ఒక్కతే పోదు. వాడి ఉద్యోగానికి కూడా మచ్చ. నా మొహం చూసి చేసినవాడు."

ఇక్కడా ఒక మొహమే అడ్డు, అనుకుంది సాధన.

"నీకు ఇంకా వస్తాయి. నువ్వు తెలివైనదానివి. మా తన్మయికి ఇది పోతే మళ్ళీ రాదు."

"తెలివైనదాన్ని కాబట్టి నేను ఆగాలా అంకుల్?"

బాపిరాజు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు.

"నేనేమీ బలవంతం చెయ్యను. గది సంగతి దీంతో ముడిపెట్టను. ఆ మాట మీ నాన్నకు నిన్ననే చెప్పాను. నువ్వు మాట్లాడినా మీరిక్కడే ఉంటారు." మెట్ల దగ్గర ఆగాడు. "అది మాత్రం నమ్ము తల్లీ."

దిగడం ఎక్కడంకంటే కష్టమైంది. రెండో మెట్టు మీద మోకాలు మడతపడబోయింది. తండ్రి ఒక్క అంగలో చేరి పట్టుకున్నాడు. బాపిరాజు చెయ్యి తండ్రి భుజం మీద పడింది, పండ్ల డబ్బాలు మోసి కాయగట్టిన భుజం మీద. ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని, ఒక్కో మెట్టే, కిందికి వెళ్ళారు.

ఆయన తరిమేస్తానని ఉంటే ఈ సాయంత్రం ఫోనెత్తడం ఎంత సులభమయ్యేది!

*

మూడుంబావుకు తన్మయి వచ్చింది.

తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకుంది. కింద మాత్రం పువ్వుల పైజామా. కెమెరాకు కనబడేంతవరకే ముస్తాబు. వేరే రోజైతే ఇద్దరూ ఆ పైజామా చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

బ్యాంకు మెయిలు వచ్చిన నాటి నుంచి, నాలుగు రోజులుగా, వాళ్ళ మధ్య మాటల్లేవు.

"తిట్టు," అంది తన్మయి గుమ్మంలో నిలబడే. "తిట్టయినా మాట్లాడవే."

"నాకు తిట్లు రావు."

"వస్తాయి. మొన్న బస్సులో మీద పడ్డ ఆ పెద్దమనిషిని ఏం తిట్టావు! నాకు సగం అర్థం కూడా కాలేదు."

సాధన పెదవి కొస కదలబోయింది. ఆపుకుంది.

"నువ్వు కూడా అక్కడికే పంపావని నాకు తెలీదు సాధనా. ఒట్టు."

"తెలిస్తే పంపకపోదువా?"

తన్మయి ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి తీసుకునేంత సేపు కాదు, ఇంకా ఎక్కువ.

"పంపేదాన్నే అనుకుంటా," అంది చివరికి. "వంశీ అన్నయ్య ఫోన్ చేసి, ఏదైనా చేసిన పని ఉంటే పొద్దున్నలోపు పంపమన్నాడు. నా దగ్గర ఏముందే? తెరిస్తే ఎదురుగా నీ ఫైలు. ఇదొక్కసారే అనుకున్నాను. నూటనలభై మెయిళ్ళు నేను మాత్రం పెట్టలేదా? మన కాలేజీ పేరు చూడగానే మూసేస్తారు. నీకొక్కదానికే ఉందనుకున్నావా ఈ ఆకలి?"

"నీ ఆకలికి నా అన్నం తిన్నవ్."

"ఊఁ. తిన్నాను."

కింద వీధిలో కూరగాయల బండివాడు మైకులో ధరలు చదువుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ గొంతు మలుపు తిరిగేదాకా ఇద్దరూ నేల చూశారు.

"నాతో కిందికి రావా?" అంది తన్మయి.

"ఎందుకు?"

"పక్కన కూర్చో. కెమెరాకు కనబడకుండా. వాళ్ళు ఫైలు గురించి అడుగుతారు. నాకు పైపైన తెలుసు, లోపల తెలీదు. నువ్వు కాగితం మీద రాస్తే..."

మాట పూర్తి చేయలేకపోయింది. పూర్తి చేయనవసరమూ లేకపోయింది.

"నోరు మూసుకోమన్నరు, ఫోనెత్తొద్దనే అనుకున్న," అంది సాధన మెల్లగా. కోపం వస్తే ఆమె మాట తల్లి మాటవైపు జారిపోతుంది. "ఇప్పుడు చెయ్యి కూడా కావాల్నా? ఇంకేం కావాలె చెప్పు. కండ్లు కూడా పీకిస్త, పెట్టుకపో."

"వద్దులే." తన్మయి వెనుదిరిగింది. కళ్ళు తుడుచుకోబోయి, కాటుక చెదురుతుందని ఆగింది. ఒక మెట్టు దిగింది. రెండోది.

"ఆగు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని సాధనకు కాసేపటికి గాని తెలియలేదు.

స్నేహమా? కాదు. జాలా? అదీ కాదు. రెండువందల పదమూడు మెయిళ్ళు పంపిన మనిషి, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఒక్కటి కూడా తన చెవులతో వినలేదు. పగిలిన ఫోను అద్దంలో ఎవరో అడిగితే ఎవరో చెబుతున్న వీడియోలే చూసింది. అసలైన ప్రశ్న ఎలా ఉంటుంది? ఏ గొంతుతో అడుగుతారు? అడిగాక ఎంతసేపు ఆగుతారు? ఈ సాయంత్రం నాలుగున్నర ఆమెది కాదు. కనీసం నాలుగు గంటలకు ఆ గదిలో ఉంటే, వినవచ్చు.

"వింట," అంది. "విని, రాస్త. అంతే. నీకోసం కాదు."

మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. కూతురు ఎటు వెళ్తోందో అడగలేదు. దారి ఇవ్వడానికి కొద్దిగా పక్కకు జరిగాడు.

*

భోజనాల బల్ల మీది పచ్చడి జాడీలు, మందుల డబ్బా మాయమయ్యాయి. తన్మయి తల్లి ఉదయలక్ష్మి గోడ మీది పాత క్యాలెండరు కూడా తీసేసింది. చప్పుడవుతుందని ఫ్యాను ఆపింది. లాప్‌టాప్ ఎదుట ఒక కుర్చీ. దానికి ఎడమ పక్కన, తెరకు ఇవతల, ఇంకో కుర్చీ.

ఆ కుర్చీ దగ్గర మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. "ఏమనుకోకు అమ్మా..." అని మొదలుపెట్టి, ఏమనుకోకూడదో చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నాలుగైంది.

తెర మీద ఒకామె ముఖం వెలిగింది. నలభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు. ఇంద్రాణి అని పరిచయం చేసుకుంది. పేరు, ఇంటిపేరు వింటే తెలుగావిడే. మాట మాత్రం పూర్తిగా ఇంగ్లీషు. పరామర్శలు లేవు. నేరుగా ఫైలు తెరిచింది.

కంపెనీకి అప్పు ఎక్కువ కదా, ఐదేళ్ళలో ఎలా తీరుస్తుందనుకున్నారు?

సాధన పెన్సిలు కదిలింది. నాలుగు ముక్కలు. తన్మయి కనుకొసలతో చదివి, చెప్పింది.

సాధన తలెత్తింది. తను రాసింది నాలుగు ముక్కలే. అవి తన్మయి నోట మంచి ఇంగ్లీషులో నాలుగు నిండు వాక్యాలయ్యాయి. తన ఆలోచన అంత అందంగా వినబడగలదని ఆమెకు ఇంతవరకు తెలియదు. తను చెబితే తడబడేది. ఆ సంగతి మాత్రం తెలుసు.

రెండో ప్రశ్న. మూడోది. పెన్సిలు రాస్తోంది, గొంతు పలుకుతోంది. ఇంద్రాణి తల పంకిస్తోంది. ఫ్యాను లేని గదిలో చెమట కాగితం మీద పడి అంకెలు అలుక్కుపోతున్నాయి.

"బాగుంది," అంది ఇంద్రాణి. "ఇప్పుడు నాకు నిజంగా ఆసక్తి ఉన్న చోటికి వద్దాం. మామిడి కొనుగోలు ధర. ప్రభుత్వ పట్టికలో ఉన్నదానికంటే మీరు మూడో వంతు తక్కువ వేశారు. కారణం కూడా రాశారు: ఈ కంపెనీ మనుషులు ఉదయం పదకొండు దాటాకే మార్కెట్టులో కొంటారని, అప్పటికి డబ్బాల అడుగు వరసల్లో నలిగిన కాయల ధర పడిపోతుందని. ఆరు సంస్థల నివేదికలు చదివాను. ఇది ఎందులోనూ లేదు. ఆధారం దగ్గర మీరు 'మార్కెట్ వర్గాలు' అని రాశారు. ఎవరా వర్గాలు?"

పెన్సిలు ఆగిపోయింది.

ఆ గడిలో మొదట ఒక మనిషి పేరే రాసింది సాధన. రాసి, చాలాసేపు చూసింది. ముంబైలో అద్దాల గదుల్లో కూర్చునేవాళ్ళు ఆ పేరు చదివి, ఎవరితను, ఏం చదివాడు అని అడిగితే? ఒక్కో అక్షరమే చెరిపేసింది. 'మార్కెట్ వర్గాలు' అని గౌరవంగా కనిపించే రెండు మాటలు పెట్టింది. చెరిపినందుకు సిగ్గుపడలేదు అప్పుడు. ఇప్పుడు పడింది.

"ఒక కమిషన్ ఏజెంటు," అంది తన్మయి. కాగితం ఖాళీగా ఉంది మరి.

"పేరు?"

"మా... మా నాన్నగారి స్నేహితుడు."

"మంచిది. పేరు చెప్పండి, ఆయనతో మాట్లాడతాను. ఈ ఒక్క వరుసతో కంపెనీ విలువంతా మారిపోతోంది. నాలుగున్నరకు రెండో అమ్మాయిని కూడా ఇదే అడుగుతాను. ఇద్దరిలో ఆ మనిషిని ఎవరు నిజంగా ఎరుగుదురో, ఫైలు వాళ్ళది."

బల్ల కింద తన్మయి చెయ్యి వచ్చి సాధన మణికట్టును పట్టుకుంది. చల్లగా ఉంది. రాయి, అన్నాయి పెదవులు శబ్దం లేకుండా. రాయవే. నీ కాళ్ళు పట్టుకుంటా.

నాలుగక్షరాలు. రాస్తే అయిపోతుంది. తన్మయి చదువుతుంది. ఆ పేరు ఎవరో కమిషన్ ఏజెంటుదై, ఎవరో నాన్నగారి స్నేహితుడిదై, ముంబై దాకా పోతుంది. తరువాత నాలుగున్నరకు ఒక ఫోను మోగి మోగి ఆగిపోతుంది.

మూడు వారాల పని ఇచ్చేసింది. ఇంటర్వ్యూ ఇచ్చేసింది. ఈ పావుగంటా చేతిరాత కూడా ఇచ్చింది. ఇవ్వగలిగింది కనుక ఇచ్చింది.

ఇది ఇవ్వలేకపోయింది.

ఇరవై ఆరేళ్ళుగా మార్కెట్టులో ఆయనను చొక్కాకు కుట్టిన బిల్ల మీది నంబరుతోనే పిలుస్తున్నారు. సారు 'ఏమయ్యా' అంటాడు. అమ్మ భర్త పేరు ఎత్తదు. అన్నం తింటూ, వేళ్ళు నాకుతూ, "పదకొండు దాటినంక చూడాలె బిడ్డా, గా జ్యూసు కంపెనోళ్ళు అప్పుడు దిగుతరు" అని చెప్పిన మనిషి, ఇచ్చిన మాటకు కావలిగా, బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలుపు వారగా తెరిచే ఉంది. ఇక్కడ ఎవరేమన్నా అక్కడికి వినబడుతుంది.

"తన్మయీ? వినబడుతోందా?"

సాధన పెన్సిలు కింద పెట్టింది. మణికట్టు మీది వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. కుర్చీని నేలమీద బరబరా ఈడ్చుకుని తెర ముందుకు జరిగింది. తెర మూలన, తన్మయి తెల్ల చొక్కా పక్కన, తన చెమట ముఖం సగం కనబడింది.

ఇంద్రాణి కనుబొమలు ముడిపడ్డాయి. "మీరెవరు?"

సాధన ఇంగ్లీషు కోసం వెతికింది. ఎనిమిది నెలలు అద్దం ముందు వల్లెవేసిన వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. వచ్చిన తెలుగులోనే చెప్పింది. గొంతు బయట మెట్టు దాకా వినబడేటంత పెద్దదిగానే వచ్చింది.

"ఆ ధర చెప్పినాయన కమిషన్ ఏజెంటు కాదు మేడమ్. హమాలీ. మా నాయిన. ఆయన పేరు..."

వెనుక, మెట్టు మీద ఎవరో లేచి నిలబడిన అలికిడి అయింది.

"సాలోమోను."